వేయి ముఖముల లాన్ చేనీ

నాటకము చూచునప్పుడు మనకు రంగస్థలముపై రాజు కనబడును, వృద్ధుడు కనబడును, రాక్షసుడు కనబడును. కొంతసేపటి క్రిందట ఆ రాజు తెరవెనుక అద్దము ముందు కూర్చుండి, ముఖమునకు రంగు పూసికొనుచుండిన సామాన్య మానవుడే యని మనకు తోచదు. అట్లు తోచకుండుటయే వేషరచన యొక్క విజయము. మన పెద్దలు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించిరి. వానిలో ఆహార్యమనగా రంగు, దుస్తులు, ఆభరణములు మున్నగువాని వలన కలుగు అభినయము. ఈ ఆహార్యమునే ముఖ్యసాధనముగా గైకొని, మాటలు లేని చలనచిత్రముల కాలమున ప్రేక్షకలోకమును ఆశ్చర్యమున ముంచిన అమెరికా నటుడు లాన్ చేనీ. ఈ విద్య అతనికి ఏ గురువు ఇంటను, ఏ కళాశాలలోను లభింపలేదు. దాని మొదటి పాఠములను అతడు రోగపీడితయైన తల్లి మంచము చెంత నేర్చుకొనెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో అను పర్వతరాష్ట్రము కలదు. అందు పైక్స్ శిఖరము పాదమున నున్న కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున 1883వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చేనీ జన్మించెను. తలిదండ్రులు అతనికి లియోనిడాస్ ఫ్రాంక్ అని పేరు పెట్టిరి. లాన్ అనునది దానికి సంక్షిప్తరూపము. తండ్రి క్షౌరవృత్తి వలన కుటుంబమును పోషించుచుండెను. తల్లియు దండ్రియు బధిరులు. తల్లి యొక్క తండ్రి 1874లో ఆ పట్టణముననే బధిరులకొక పాఠశాలను నెలకొల్పిన ఉదారుడు.

ఆ ఇంట మాటలకు బదులు చేతులు మాట్లాడెడివి. శిశువు ఏడ్చినను వినలేని తలిదండ్రులకు ఆ శిశువు ముఖమే సమస్తమును తెలుపవలెను. కావున చేనీకి, అతని తోబుట్టువులకు, వ్రేళ్ల కదలిక, కనుబొమల ముడి, పెదవుల వంపు అనునవి అక్షరముల కంటె ముందుగా పరిచితములయ్యెను.

చేనీ నాలుగవ తరగతి చదువుచుండగా తల్లికి కీళ్లవాతము ముదిరి, ఆమె మంచము పట్టెను. తండ్రి పనికి పోక తప్పదు. బాలుడు బడి మాని తల్లికి పరిచర్య చేయుచు, తమ్ముని చెల్లెలిని సాకుచు ఇంట నిలిచెను. మంచము దిగలేని తల్లికి ఊరిలోని వార్తలను తెలుపువాడు అతడే. వీధిలో ఎవరెవరు ఎట్లు నడచిరో, ఎవరు కోపించిరో, ఎవరు నవ్విరో, దానినంతటిని అతడు తన ముఖముతోను, దేహముతోను ఆమె కన్నుల యెదుట ప్రదర్శించుచుండెను. తాను చూపినది స్పష్టముగా లేనిచో తల్లికి కథ అర్థము కాదు. అర్థమయినచో ఆ సంగతి ఆమె ముఖముననే తెలియును. ఇంతకంటె నిక్కమైన పరీక్ష ఏ నటునికి ఉండును? లోకము బధిరులను ఎట్టి చూపు చూచునో కూడ అతనికి బాల్యముననే తెలిసెను. వెలుపలి లోపమును చూచి లోపలి మనిషిని మరచువారు పలువురు. ఈ సంగతి అతని హృదయమున నాటుకొని, తరువాతి కాలమున అతడు ధరించిన ప్రతి వేషమునకు ప్రాణమయ్యెను.

కొంత వయసు వచ్చిన పిమ్మట అతడు పొట్టకూటికై పెక్కు పనులు చేసెను. పైక్స్ శిఖరమునకు వచ్చు యాత్రికులకు త్రోవ చూపెను. గోడలకు రంగు కాగితములు అంటించుట, ఇండ్లలో తివాచీలు పరచుట నేర్చెను. ఊరి నాటకశాలలో సామగ్రిని అందించు కుఱ్ఱవాడుగా చేరెను. 1902లో అన్న జాన్‌తో కలిసి మొదటిసారి రంగమెక్కెను. అది మొదలు సంచారనాటక సమాజములతో ఊరూర తిరిగెను. ఆ సమాజములలో నటులు కొలదిమంది, పాత్రలు పెక్కు. తొలి అంకమున యువకుడైనవాడు మలి అంకమున ముసలివాడు కావలసియుండును. చేనీ నటించెను, నాట్యమాడెను, తెరలు దించెను, ఎత్తెను. ఈ నడుమనే రంగుల పెట్టెతో చెలిమి చేసెను.

ఈ సంచారజీవనము సుఖమైనది కాదు. చేనీ క్లీవా క్రైటన్ అను గాయనిని వివాహమాడెను. 1906లో వారికొక కుమారుడు కలిగెను. పేదరికము, ఎడతెగని ప్రయాణములు, మనఃస్పర్ధలు ఆ కాపురమును క్రుంగదీసెను. 1913లో లాస్ ఏంజెలస్ నగరమున ఆ కలహము ఒక విషాదముగా పరిణమించెను. భార్య ప్రాణముతో బయటపడెను గాని ఆమె గానజీవితము అంతటితో ముగిసెను. అపవాదు పత్రికల కెక్కెను. నాటకరంగమున చేనీకి తలుపులు మూతపడెను. దంపతులు విడిపోయిరి. కుమారునికి తల్లి మరణించినదని చెప్పి పెంచిరి. ఆ బాలునికి నిజము తెలిసినది చాల కాలమునకు. ఇది చేనీ జీవితమున ఒక మచ్చ. గొప్పవారి కథలలోని మచ్చలను దాచిపెట్టుట సత్యము కాదు. 1915లో అతడు హేజెల్ హేస్టింగ్స్ అను నటిని వివాహమాడి, కుమారుని తిరిగి ఇంటికి తెచ్చుకొనెను.

నాటకము త్రోసివేసిన ఆ నటునకు చలనచిత్రము ఆశ్రయమిచ్చెను. అప్పటికి హాలివుడ్డున చిత్రపరిశ్రమ లేత వయసున నుండెను. యూనివర్సల్ సంస్థ ఆవరణమున చిన్న నటులు ప్రతిదినము పనికై వేచియుండెడివారు. ఒక దర్శకునకు దొంగ కావలెను. వేరొకనికి వృద్ధుడైన నావికుడు కావలెను. తమ సహజరూపమునకు తగిన పిలుపు వచ్చువరకు ఇతరులు కూర్చుండగా, చేనీ ఏ పిలుపు వచ్చినను రంగుల పెట్టె తెరచి ఆ రూపమును తానే సిద్ధము చేసికొనెడివాడు. ఒకే ముఖము గలవానికి ఒకే పని దొరకును. పెక్కు ముఖములు చేసికొనగలవానికి పెక్కు పనులు దొరకును. ఈ లెక్క అతనికి తెలిసెను. అయిదేండ్లలో అతడు నూరింటికి పైగా చిత్రములందు కనబడెను. వానిలో అధికభాగము నేడు లభ్యములు కావు.

ఇంత పనిచేసినను సంస్థవారు అతని జీతము పెంచుటకు అంగీకరింపలేదు. తన విలువ తాను ఎరిగిన చేనీ ఆ కొలువు వదలెను. కొంతకాలము పనిలేక బాధపడెను. 1918లో విలియం హార్ట్ అను ప్రఖ్యాత నటుని చిత్రములో ప్రతినాయక పాత్ర లభించుటచే మరల నిలద్రొక్కుకొనెను. 1919లో వచ్చిన మిరకిల్ మేన్ అను చిత్రము అతని జాతకమును మార్చెను. అందు అతడు కుంటివానిగా నటించి జనులను వంచించు మోసగాడు. వంకరలు పోయిన కాలు సేతులను ఒక్కొక్కటిగా విప్పుకొని, మహిమ వలన బాగుపడినట్లు నటించు ఘట్టము ప్రేక్షకులను నివ్వెరపరచెను. ఆ చిత్రము నేడు తునుకలుగా మాత్రమే మిగిలియున్నది. ఆ తునుకలలో ఈ ఘట్టము నిలిచియుండుట మన భాగ్యము.

ఇక అతని రంగుల పెట్టెను గూర్చి తెలిసికొందము. అది సామాన్యమైన చిన్న పెట్టె. అందు క్రొవ్వుతో చేసిన రంగు కడ్డీలు, పౌడరు, క్రేపు వెంట్రుకలు, స్పిరిట్ గమ్ అను జిగురు, దూది, మైనము, కట్టుడు పండ్లు, కుంచెలు ఉండెడివి. కలోడియన్ అను మరియొక ద్రవము కలదు. అది ఆరినప్పుడు పలుచని పొరయై చర్మమును ముడుచునట్లు చేయును. దానితో గాయపు మచ్చలు, ముడుతలు కల్పింపవచ్చును. దూదిపై దానిని పూసి చెక్కిలి మీద పొరలుపొరలుగా నిలిపినచో ఎముక ఉబ్బినట్లు కనబడును. ఈ వస్తువులు ఇతర నటులకును దొరకెడివే. వానిని ఎట్లు, ఎంత, ఏల వాడవలెనను వివేకమే చేనీ సొత్తు.

ఆనాటి చిత్రగ్రహణమున నొక చిక్కు ఉండెను. అప్పటి ఫిల్ము ఎరుపు రంగును గ్రహింపజాలదు. ఎర్రని పెదవులు తెరపై నల్లగా కనబడును. నీలి కన్నులు వెలవెలబోవును. అద్దములో అందముగా నున్న ముఖము తెరపై వికృతమగును. కావున వేషరచయిత అద్దమును నమ్మరాదు. కెమెరా కంటితో చూడ నేర్వవలెను. మీద పడు దీపకాంతి ఏ వైపున నీడ చేయునో ముందుగా ఊహింపవలెను. నాటకమున దూరముననున్న ప్రేక్షకునకు కనబడని తప్పు, తెరపై ముఖమును పెద్దదిగా చూపునప్పుడు దాగదు. చేనీ ఈ భేదమును పదే పదే పరీక్షించి గ్రహించెను. అతడు తన వేషమును తానే వేసికొనెడివాడు. రంగు పూయుటకు ముందు ఆ పాత్ర ఎట్టివాడు, ఎట్లు బ్రతికెను, ఏమి పోగొట్టుకొనెను అని ఆలోచించెడివాడు. ముఖము పిమ్మట వచ్చును. మనిషి ముందు రావలెను.

1920లో పెనాల్టీ అను చిత్రమున అతడు రెండు కాళ్లు పోయిన నేరస్థుని పాత్ర ధరించెను. కాళ్లను మోకాళ్ల వద్ద వెనుకకు మడచి, తోలుపట్టెలతో బిగించి, మోకాళ్ల క్రింద తోలు తొడుగులు అమర్చుకొని నడచెను. రక్తప్రసరణము ఆగుటచే ఆ కట్లతో అధికసేపు ఉండుట శక్యము కాకుండెను. కొద్ది నిమిషములు నటించుట, కట్లు విప్పి కాళ్లు తోముకొనుట, మరల బిగించుకొనుట. ఆ పాత్ర కసితో నిండినది. బాల్యమున వైద్యుడొకడు పొరపాటున కాళ్లు తీసివేసినాడని తెలిసినప్పుడు ప్రేక్షకునకు అతనిపై కోపముతో పాటు జాలియు కలుగును.

1923లో విక్టర్ హ్యూగో నవల ననుసరించి తీసిన హంచ్‌బ్యాక్ ఆఫ్ నాటర్‌డామ్ చిత్రముతో చేనీ కీర్తి శిఖరము నందుకొనెను. పారిస్ దేవాలయమున గంటలు మ్రోగించు గూనివాడు క్వాసిమోడో. గంటల ధ్వనికి అతని చెవులు వినికిడి కోల్పోయినవి. బధిరుల బిడ్డడు బధిరుని పాత్ర ధరించెను! వీపునకు ప్లాస్టరు గూని, దానిని పట్టియుంచు బిగుతైన కట్టు, ఉబ్బిన చెక్కిళ్లు, మూసుకొనిపోయిన కన్ను, కట్టుడు పండ్లు, చింపిరి జుట్టు. ఈ వేషము వేసికొనుటకే దినమునకు మూడు గంటలకు పైగా పట్టెడిది. ఆ గూని బరువును గూర్చి తరువాత అతిశయోక్తులు పుట్టెను. ఆ అంకెలతో మనకు పనిలేదు. అంతటి భారమైన వికృతాకారము లోపలి నుండి ఒక్క దోసెడు నీరు త్రాగించిన యువతిపై కృతజ్ఞత ఎట్లు వెలువడెనో, అదియే చూడదగినది. మొదట భయపడి ముఖము త్రిప్పుకొన్న ప్రేక్షకులు చివరకు అతనికై కంట తడిపెట్టిరి.

1925లో వచ్చిన ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా చిత్రమున అతడు పారిస్ సంగీతనాటకశాల నేలమాళిగలలో దాగియుండు అజ్ఞాతవ్యక్తి. ముఖము కపాలమును బోలినది. ముక్కు కొనను పైకి లాగి నిలిపి, నాసికారంధ్రములను నల్లగా దిద్ది, చెక్కిలి ఎముకలను ఉబ్బించి, కన్నుల చుట్టు గుంటలవలె నీడలు తీర్చి అతడు ఆ రూపమును సాధించెను. చిత్రము వెలువడువరకు ఆ ముఖము ఫోటోను ప్రచురింపనీయలేదు. కథానాయిక వెనుకనుండి వచ్చి అతని మోముపైని మారుముఖమును లాగివేయు ఘట్టమున ప్రేక్షకులు కేకలు వేసిరని చెప్పుదురు. నూరేండ్లు గడచినను ఆ ఘట్టము నేటికిని చలనచిత్రచరిత్రలో ప్రసిద్ధము.

చేనీ అనగా భీకరరూపములు మాత్రమే యని తలచరాదు. 1926లో టెల్ ఇట్ టు ది మెరీన్స్ చిత్రమున అతడు వేషమేమియు లేక తన సహజముఖముతోనే కఠినుడును దయాళువునైన సైనికాధికారిగా నటించెను. అమెరికా నౌకాసైనికులు అతనిని తమ గౌరవసభ్యునిగా చేసికొనిరి. రంగు ఎప్పుడు వేయవలెనో తెలియుట ఎంత అవసరమో, ఎప్పుడు వేయరాదో తెలియుటయు అంత అవసరమే. అయితే ఆ కాలపు ఆచారము ననుసరించి అతడు కన్నులకు, చర్మమునకు మార్పు చేసికొని చీనాదేశీయుల పాత్రలను కూడ ధరించెను. ఒక జాతివారి పాత్రను ఆ జాతి నటులకే ఈయవలెనని నేటి వివేకవంతుల అభిప్రాయము. అది న్యాయమైనది.

పత్రికలవారు అతనిని వేయి ముఖముల మనిషి యని కీర్తించిరి. అతడు మాత్రము ఆర్భాటములకు దూరముగా నుండి, చిత్రశాల వెలుపల మామూలు దుస్తులతో తిరుగుచు, సెలవుదినములలో కొండలకు పోయి చేపలు పట్టుకొనుచుండెను. కించపడిన వారియందును త్యాగగుణము ఉండగలదని లోకమునకు జ్ఞప్తి చేయుటయే తన పాత్రల పరమార్థమని అతడు తెలిపియుండెను. 1929లో వెలువడిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 14వ కూర్పునకు చలనచిత్రముల వేషరచనను గూర్చి వ్యాసము వ్రాయుటకు సంపాదకులు అతనినే కోరిరి. నాలుగవ తరగతితో బడి మానిన బాలుడు విజ్ఞానసర్వస్వమునకు వ్యాసకర్త యయ్యెను!

అంతలో చలనచిత్రములకు మాట వచ్చెను. మూకాభినయమున దిట్టయైన చేనీ మాటల చిత్రమున నిలువగలడా యని పలువురు సందేహించిరి. 1930లో అతడు అన్‌హోలీ త్రీ అను తన పాత చిత్రమును మాటలతో మరల తీసినప్పుడు అందులో నటించెను. అందు అయిదు భిన్నకంఠములతో మాట్లాడెను. అవి అన్నియు తన గొంతులే యని ప్రమాణపత్రము మీద సంతకము చేసెను. వేయి ముఖములకు తోడు కంఠములు కూడ సమకూడుచున్న వేళ విధి వక్రించెను. అప్పటికే అతనిని కాన్సరు వ్యాధి పట్టుకొనియుండెను. కడపటి దినములలో గొంతు పూర్తిగా మూగవోయెను. అప్పుడతడు బాల్యమున తల్లి మంచము చెంత వాడిన చేతిసైగలతోనే తనవారితో మాట్లాడెను. 1930 ఆగస్టు 26వ తేదీన, 47 ఏండ్ల వయసున కన్నుమూసెను. గ్లెండేల్ పట్టణముననున్న అతని సమాధిపై పేరు చెక్కలేదు.

చేనీ గతించిన పిమ్మట వేషరచన ప్రత్యేకవృత్తిగా వికసించెను. చిత్రనిర్మాణ సంస్థలు అందుకై ప్రత్యేకశాఖలను పెంపొందించెను. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రమునకు వేషరచన చేసిన జాక్ పియర్స్, 1941లో చేనీ కుమారునకే తోడేలుమనిషి వేషము వేసెను. తండ్రి పేరునే ధరించి ఆ కుమారుడును నటుడయ్యెను. 1981వ సంవత్సరపు చిత్రములతో మొదలుకొని వేషరచనకు ఆస్కారు బహుమతి ప్రత్యేకముగా ఏర్పడెను. నేటి వేషరచయితలు మెత్తని రబ్బరు, సిలికోను మున్నగు పదార్థములను వాడుదురు. చర్మమునకు హాని కలుగకుండ చూచుట వారి ప్రథమధర్మము. చేనీ పడిన బాధలను అనుకరింప నవసరము లేదు. అతని శ్రద్ధ మాత్రము అనుకరింపదగినది.

బాలలారా! లాస్ ఏంజెలస్ నగరమున ప్రకృతిచరిత్ర వస్తుప్రదర్శనశాలకు చేనీ రంగుల పెట్టె చేరినది. దానిలో మిగిలినవి ఎండిన రంగులు, పాత కుంచెలు మాత్రమే. వానితో ముఖములకు ప్రాణము పోసిన రహస్యము పెట్టెలో లేదు. అది కొలరాడోలోని ఒక చిన్న ఇంట, మంచము పట్టిన తల్లికి తన మాట తెలియవలెనని తపించిన పదేండ్ల బాలుని కన్నులలో నుండెను. ఎదుటివాని ముఖమును ఓపికతో చదువుటకు నేర్చినవాడు ఆ ముఖమును ధరింపగలడు. చదువు నేర్వకయే రంగు పూసికొన్నవానికి మిగులునది రంగు మాత్రమే.